చీకటి చూపుకు రంగుండదు

పోయిన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో చక్రపాణి వాళ్ల మేడమీది గదిలో ఒక మనిషి చచ్చిపోయాడు. కాగితం మీది మనిషి. పేరు భద్రుడు, వృత్తి సొరంగాలు తవ్వడం, వయసు ఆటలో నూట పది, బయట రెండేళ్లు. ఆ రెండేళ్లూ అతని మాట, నడక, కోపం రవితేజవి. గుహలో మూడో మలుపు దగ్గర "నేల మీద ఏం లేదు, పో" అని సైదులు చెప్పాడు. భద్రుడు పోయాడు. నేల విరిగింది. పాచిక మూడు చూపింది. రవితేజ భద్రుడి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, "కావాలనే చంపావురా" అని సైదులు మీదికి విసిరి మెట్లు దిగిపోయాడు.

ఆ మర్నాడే సైదులుకు రైల్వే ఉత్తరం వచ్చింది. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష మూడుసార్లు రాస్తే ఇప్పటికి పాసయ్యాడు. ఆ పై వారం గురువారం సికింద్రాబాద్‌లో వైద్యపరీక్ష. అది అయితే ఉద్యోగం. మీర్‌పేటలో వాళ్ల రెండు గదుల ఇంట్లో తల్లి ముత్తమ్మ ఆ ఉత్తరాన్ని దేవుడి పటం వెనక పెట్టింది.

ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆ వారమంతా ఎవరికీ తెలియదు.

సంబంధం అర్థం కావాలంటే ఆట గురించి కొంత చెప్పాలి. దీనికి బోర్డు ఉండదు, గెలుపోటములు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఒక్కో పాత్రను పట్టుకుంటారు. పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెప్తాడు, అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. ఈ నలుగురిలో కథ నడిపేవాడు చక్రపాణి. వాళ్ల దగ్గరున్న నియమాల పుస్తకం జిరాక్సు. కోచింగ్ సెంటర్ల సందులో నోట్సు తీసే షాపులో తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించారు. అందులో ఒక పేజీ చీకటికి కేటాయించారు.

ఆ పేజీ ప్రకారం మామూలు మనిషికి దీపం కావాలి. కాగడా వెలుగు ఇరవై అడుగులు, ఆపైన ఇరవై అడుగులు మసక, ఆపైన ఏమీ లేదు. అడవి జాతులది మసక చూపు. వెన్నెల ఉంటే చాలు, మనిషికి రెండింతల దూరం చూస్తారు, రంగులతో సహా. వెన్నెల కూడా లేకపోతే వాళ్లూ తడుముకోవలసిందే. సొరంగాల జాతులది చీకటి చూపు. దీపం అక్కర్లేదు. అరవై అడుగుల దాకా చూస్తారు. కానీ ఆ చూపుకు రంగుండదు. తెలుపు, నలుపు, మధ్యలో బూడిద.

ఆ చివరి మాటను ఆడేవాళ్లు చాలామంది పట్టించుకోరు. చక్రపాణి పట్టించుకున్నాడు. గుహలో ప్రతి మలుపుకూ కంప్యూటర్ మీద ఒక బొమ్మ గీసేవాడు. ఒక ప్రతి రంగుల్లో, మిగతావి నలుపు తెలుపులో తీయించేవాడు. చీకటి చూపు ఉన్నవాళ్లకు నలుపు తెలుపు కాగితం. కాగడా పట్టుకున్నవాడికి రంగు కాగితం. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. చూసింది నోటితో చెప్పాలి.

మూడో మలుపు బొమ్మకు అతనికి మూడు సాయంత్రాలు పట్టింది. నేలంతా పాచి. పాచిలో అక్కడక్కడ ఎర్ర రాళ్లు, పంతొమ్మిది. ఎర్ర రాయి మీద అడుగు పెడితే నేల విరుగుతుంది. ఆ ఎరుపూ ఈ ఆకుపచ్చా నలుపు తెలుపులోకి మారితే ఒకే బూడిద రంగు వచ్చేలా కలిపాడు. ఆ కాగితం మీద రాళ్లు కనపడవు. రెండేళ్లుగా చీకట్లో దర్జాగా నడుస్తున్న సొరంగాల జాతివాళ్లు ఆ మలుపులో మనిషి మీద ఆధారపడాలని అతని ఉద్దేశం. కాగడా ఉన్నది సైదులు చేతిలో.

ఈ ఆదివారం సకల జనుల సమ్మెకు ఇరవై ఏడో రోజు. బస్సులు లేవు. కోచింగ్ సెంటర్ల షట్టర్లు దించి ఉన్నాయి. మూడింటికి పోయిన కరెంటు ఐదింటికి వస్తుంది. మిగతా ముగ్గురికీ ఫోన్లు చేసి పిలిచింది యాదలక్ష్మి. ఆమె ఆటలో సొరంగాల జాతి మనిషి, బయట దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే మనిషి.

రవితేజ వచ్చాడు గానీ కూర్చోలేదు.

"చెప్పు. ఎందుకు చంపావ్?"

"చంపుడేందిరా? నేల మీద ఏం కనబడలె. కనబడలేదని చెప్పిన," అన్నాడు సైదులు.

"పంతొమ్మిది రాళ్లురా బాబూ. ఒకటా, రెండా?"

"కరెంటు లేకుండె గద. కొవ్వొత్తి ఎలుగుల ఏం కనబడ్తది?"

"తర్వాత నేను చూసిందీ ఆ కొవ్వొత్తి కిందే. నాకు అగుపించాయి. నేనన్న మాట మనసులో పెట్టుకుని చేశావు, ఒప్పుకో."

"ఏం మాట?"

"రైళ్లు ఆపుతామనేదీ మీరే, రైలు నడిపే ఉద్యోగం కావాలనేదీ మీరే అన్నా కదా."

"ఆపాలంటే ముందు నడిపెటోడు ఉండాలె గదరా."

యాదలక్ష్మి నవ్వింది. రవితేజ నవ్వు ఆపుకుని కిటికీ వైపు తిరిగాడు.

చక్రపాణి ఇవేమీ వినడం లేదు. రంగు కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూస్తున్నాడు. "తప్పు నాదేమోరా," అన్నాడు. "కొవ్వొత్తి వెలుగు పసుపు. ఆ వెలుగులో ఎరుపు కొంచెం మారుతుంది. కరెంటొచ్చేదాకా ఆగాల్సింది నేను."

"ఆగుడెందుకు? సూర్యుడున్నడు గద," అంది యాదలక్ష్మి. "ఆ రెండు కాగితాలు వట్కొని బయటికి రండి. లొల్లి తర్వాత జేస్తురు."

గది తలుపు డాబా మీదికి తెరుచుకుంటుంది. పిట్టగోడ మీద ఎండ ఉంది. యాదలక్ష్మి రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి, ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో పాచిక పెట్టింది. జేబులోంచి పెన్సిలు తీసి సైదులుకు ఇచ్చింది.

"ఎర్ర రాయి ఎక్కడ కనబడితే అక్కడ సున్నా చుట్టు."

"నన్ను గూడ అద్దాలు కొనమంటవా ఏంది?"

"ముందు సున్నా చుట్టు."

సైదులు వంగాడు. కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు, దూరం జరిపాడు, తల పక్కకు వంచాడు. రవితేజ వాచీ చూసుకున్నాడు. రెండు నిమిషాలు పట్టింది. మూడు సున్నాలు చుట్టాడు.

చక్రపాణి వచ్చి చూశాడు. మూడు సున్నాల్లో ఒక్కటి కూడా రాయి మీద లేదు.

యాదలక్ష్మి కాగితం మీద ఒకచోట వేలు పెట్టింది. "నా ఏలు కింద ఏమున్నది?"

"పాచి."

వేలు అంగుళం జరిపింది. "గిప్పుడు?"

"గదే పాచి."

మొదటిసారి ఆమె వేలు పెట్టింది ఎర్ర రాయి మీద. రవితేజ సిగరెట్ పెట్టె తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నిజంగ ఉన్నయా?" అన్నాడు సైదులు, ముగ్గురి మొహాలూ చూస్తూ. "లేకుంటే నా మీద నవ్వుతున్నరా?"

"పంతొమ్మిది ఉన్నాయిరా," అన్నాడు చక్రపాణి. "ఎండలో ఇంకా బాగా తెలుస్తున్నాయి."

యాదలక్ష్మి నలుపు తెలుపు కాగితం తీసుకుని రంగు కాగితం మీద సగం కప్పింది. "ఈ సగంల ఉన్నది, ఆ సగంల లేనిది ఒకటి చెప్పు."

"ఇది బూడిద లెక్కున్నది. అది మట్టి లెక్కున్నది."

"రాళ్లు?"

"రెండిట్ల లెవ్వు."

ఆమె పెన్సిలు వెనక్కి తీసుకుంది. దుకాణంలో చెప్పినట్టే చెప్పింది. "చీకట్ల ఎవ్వలకు రంగు అందది. గా నియమం రాసినోడు నిజమే రాసిండు. కంట్ల రెండు తీర్ల కణాలుంటయి. ఒక తీరువి ఎలుగు తక్కువున్నప్పుడు పనిజేస్తయి. వాటికి రంగు తెల్వది. ఇంకో తీరువి రంగు జూస్తయి, వాటికి ఎలుగు గావాలె. నీకు రెండూ ఉన్నయి సైదులూ. గాని రంగు జూసేటియి ఎరుపుకు, ఆకుపచ్చకు తేడా చెప్తలెవ్వు. పుట్టినకాన్నుంచి గంతే. చాన మందికి ఉంటది, తెల్వనే తెల్వది."

"ఏం మాట్లాడ్తున్నవ్? సిగ్నల్ కాడ ఆగుతలేనా నేను?"

"టమాటలు ఎట్ల ఏరుతవ్?"

"ఒత్తి జూస్తా."

"రంగు చూడవా?"

"అందరు ఒత్తే జూస్తరు గద?" అన్నాడు సైదులు. చక్రపాణి వైపు తిరిగాడు. "మీ అమ్మ ఒత్తదా?"

"మా అమ్మ ఒత్తుతుందిరా. చూసి, తర్వాత ఒత్తుతుంది."

రవితేజ పిట్టగోడ మీద కూర్చున్నాడు. "ఒరేయ్, తువ్వాలు!" అన్నాడు. "ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మెవాళ్లు రోడ్డు మీదే వండుకు తిన్న వంటావార్పు రోజు. అందరూ గులాబీ కండువాలు వేసుకుంటే నువ్వు బూడిద రంగు తువ్వాలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నావ్. జనం పడీ పడీ నవ్వారు."

"నవ్వింది గందుకా?" అన్నాడు సైదులు. "మీసాలకు పెరుగు అంటిందేమో అనుకున్న. మూతి తుడుసుకున్న గూడ."

"సమ్మెను వెక్కిరించడానికి వచ్చావనుకున్నా నేను. ఆ రోజు నచ్చావురా నువ్వు నాకు."

ఈసారి నలుగురూ నవ్వారు. సైదులు అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఇంట్లో ఆ తువ్వాలూ, కండువా ఒకే దండెం మీద ఉంటాయని, తల్లి ఏది అందిస్తే అది వేసుకుంటాడని, ఆ రోజు తల్లి ఇంట్లో లేదని చెప్పాడు.

"భద్రుడి సంగతి వదిలెయ్," అన్నాడు రవితేజ. "వాడికి తమ్ముడొకడు ఉన్నాడని రాసుకుంటా. నువ్వు మాత్రం ఇంక కాగడా పట్టుకోకు. అయినా గురువారం నీ..."

అక్కడ ఆగిపోయాడు. నవ్వు కూడా అక్కడే ఆగింది.

సైదులు రంగు కాగితం తీసుకుని మళ్లీ చూశాడు. "లక్ష్మీ, రైల్వే డాక్టర్లు గిది అడుగుతరా?"

"ముందుగాల గిదే అడుగుతరు."

"ఎట్ల అడుగుతరు?"

"ఒక పుస్తకం ఉంటది. పేజీ నిండ చుక్కలు. చుక్కలల్ల అంకె. ఏం అంకెనో చెప్పాలె."

"ఎన్ని పేజీలు?"

"మా దుకాణంల ఉన్నదాంట్ల ఇరవై నాలుగు."

"అంకెలు మారుస్తరా?"

"మార్చరు." ఆమెకు ప్రశ్న ఎటు పోతున్నదో అప్పుడు అర్థమైంది. "సైదులూ..."

"ఇరవై నాలుగు అంకెలు. నాలుగు దినాలు. ఇంటర్ల రసాయన శాస్త్రం గింతకు పదింతలు బట్టీ వట్టిన. గా పుస్తకం రెండు దినాలు ఇయ్యి."

"పుస్తకం ఒక్కటే కాదు," అంది యాదలక్ష్మి. "ఇంజను నడిపెటోళ్లకు ఇంకోటి ఉంటది. చీకటి గదిల కూసొవెట్టి దూరంల ఒక దీపం చూపిస్తరు. చిన్నది, చుక్కంత. ఎరుపా, ఆకుపచ్చనా, పసుపా చెప్పాలె. దానికి బట్టీ లేదు."

"మూడిట్ల ఒకటి గద."

"పాచిక వేస్తావా అక్కడ?" అన్నాడు రవితేజ. వెక్కిరింతగా అనలేదు.

చక్రపాణి పిట్టగోడ మీది పాచికలు ఏరి జేబులో వేసుకున్నాడు.

"పుస్తకం ఇయ్యనంటలేను," అంది యాదలక్ష్మి. "ఇస్తానని గూడ అంటలేను. ముందు ఒకటి తెలుసుకోవాలె. గిది తల్లి దిక్కుకెళ్లి వస్తది. మీ అమ్మకు అన్నదమ్ములు ఎందరు?"

"ఒక్కడే. లింగస్వామి మామ."

"ఆయనకు గూడ ఉంటే నాకు ఇంక అనుమానం లేదు. ఏం పని జేస్తడు?"

"బస్సు నడుపుతడు," అన్నాడు సైదులు.



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మామను చూడటానికి సైదులు నడిచే వెళ్లాడు. రంగు కాగితం చొక్కా జేబులో ఉంది. కొత్తపేటలో కరెంటు ఉంది, సిగ్నల్ వెలుగుతున్నది. అతను పేవ్‌మెంటు మీద నిలబడి పిడికిలి సందులోంచి చూశాడు. సిగ్నల్ పెట్టె కనపడకుండా, వెలిగే దీపం ఒక్కటే కనపడేలా సందును చిన్నది చేశాడు. ఏ రంగో మనసులో అనుకోవడం, పిడికిలి తీసి దీపం పైన ఉందో కింద ఉందో చూసుకోవడం. పండ్ల బండి దగ్గరున్న ముసలమ్మ "కంట్లె నలక వడ్డదా బిడ్డా?" అని అడిగింది. లేదన్నాడు.

పదిసార్లు చూశాడు. ఆరుసార్లు సరిపోయింది.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర రిలే దీక్ష గుడారంలో పదకొండు మంది వరసగా కూర్చుని ఉన్నారు. చివరినుంచి రెండోవాడు లింగస్వామి. యాభై ఏళ్లుంటాయి. మెడలో బంతిపూల దండ ఉంది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సు డ్రైవరు. కాలేజీలు మూసినప్పటి నుంచి రోజూ గుడారానికి వస్తున్నాడు. ఐదింటికి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. లింగస్వామి గ్లాసు ఖాళీ చేసి మేనల్లుణ్ని చూశాడు.

"ఏం అల్లుడా, రైలు ఎక్కినవా?"

"ఇంకా లేదు మామా. జర ఇటు రా. ఒక బొమ్మ చూపియ్యాలె."

ఇద్దరూ మూసి ఉన్న టైర్ల షాపు ముందుకు నడిచారు. ఎండ ఇంకా ఉంది. లింగస్వామి కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు.

"ఏం బొమ్మ ఇది?"

"నువ్వే చెప్పు."

"నేల. పాచి వట్టింది. బాయి గచ్చు లెక్కున్నది."

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఏంది, పొడుపుకథనా?"

"రాళ్లున్నయట మామా. ఎర్రయి. పంతొమ్మిది."

లింగస్వామి కాగితం వైపు మళ్లీ చూడలేదు. ఎక్కడున్నాయని అడగలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకున్నాడు.

"నీకెవరు చెప్పిండ్రు?"

"నీకు తెల్సా మామా?"

"ఎవరు చెప్పిండ్రో చెప్పరా ముందు."

సైదులు చెప్పాడు. గుహ, కాగడా, రవితేజ, డాబా, పెన్సిలు. ఆట సంగతి లింగస్వామికి సగమే అర్థమైంది. కళ్లద్దాల దుకాణం అమ్మాయి సంగతి మొత్తం అర్థమైంది.

"ఇంట్ల చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు." లింగస్వామి షట్టరుకు ఆనుకున్నాడు. "చిన్నప్పటి సంది ఎరుకే. బర్రెల కాడ దోస్తులు నవ్వుతుండె. డ్రైవింగు నేర్సుకునేటప్పుడు నాకు నేనే కాయిదా పెట్టుకున్న. పైన ఎలిగితే ఆగుడు. కింద ఎలిగితే పోవుడు. నడుమ ఎలిగితే ముందటోడు ఏం జేస్తె అది. కాలేజీ బస్సు పదిహేనేండ్లాయె, ఒక్క చలాన్ లేదు."

"లైసెన్సుకు డాక్టరు చూడలేదా?"

"రంగులు కనబడ్తయా అని అడిగిండు. కనబడ్తయన్న. అబద్ధం గాదు గద, ఏవో కనబడ్తనే ఉన్నయి." నవ్వాడు. "నువ్వు గూడ గట్లనే అను. గా పిల్ల పుస్తకం ఇస్తె బట్టీ వట్టు. మీ అమ్మ ఉత్తరం దేవుని కాడ వెట్టి అందరికి చెప్పుకుంటున్నది. మనింట్ల సర్కారు నౌకరి ఎవ్వలకు లేదు. పరేషాన్ గాకు, పో."

సైదులు తల ఊపాడు. కానీ మళ్లీ అడిగాడు.

"మామా, రాత్రి పట్టాల మీద సిగ్నల్ డబ్బా కనబడది. పైన గాదు, కింద గాదు, దూరంల ఒక్కటే చుక్క. గప్పుడు నీ కాయిదా ఎట్ల నడుస్తది?"

లింగస్వామి మెడలోంచి దండ తీశాడు. పారెయ్యడానికి చోటు వెతికి, చేతిలోనే ఉంచుకున్నాడు.

"ముందటోడు ఉండడు," అన్నాడు సైదులు. "ఇంజను ముంగట ఎవడుంటడు?"

"ఉండడు."

"నువ్వు రాత్రి బండి ఎన్నడు తియ్యవు. కాలేజోళ్లు తిరుపతి ట్రిప్పు ఇస్తమన్నా పోకపోతివి. లారీ ఉన్నోడివి లారీ ఎందుకు ఇడిచిపెట్టినవ్ మామా?"

"మీ నాయన కాలు ఎట్ల పోయిందని చెప్పిండ్రు నీకు?" అన్నాడు లింగస్వామి.

సైదులు అప్పుడు ఐదో తరగతి. తండ్రి బక్కయ్య, లింగస్వామి కలిసి నల్లగొండ నుంచి బత్తాయిల లోడు తెస్తున్నారు. సాగర్ రోడ్డు మీద లారీ తవ్విన కల్వర్టులో పడింది. బక్కయ్య కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ముత్తమ్మ ఒక మాట కలుపుతుంది. బ్రేకులు ఫేలైనా మా తమ్ముడు నా మొగన్ని భుజాన ఏసుకొని దవాఖానకు తెచ్చిండు, వాడు లేకుంటే నేను ముండమోసేదాన్ని అంటుంది.

"బ్రేకులు ఫేలైనయని," అన్నాడు సైదులు.

లింగస్వామి రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "కల్వర్టు తవ్వి, అడ్డం కట్టెవెట్టి, లాంతరు ఏలాడదీసిండ్రు. ఎర్ర అద్దం లాంతరు. తెల్లారి పోలీసులు వట్కొస్తే జూసిన, గప్పుడు గూడ అది ఎర్రదని వాళ్లంటేనే తెల్సింది. రాత్రి నాకు అది కనబడ్డది అల్లుడా. శాన దూరంకెళ్లే కనబడ్డది. ఎవలదో చాయ హోటల్ల దీపం అనుకున్న. చాయ తాగుదామా బావా అని గూడ అడిగిన. మీ నాయన నిద్రల ఉండె."

ఒక ఆటో హారన్ కొడుతూ పోయింది. అది పోయేదాకా ఆగాడు.

"బ్రేకులు మంచిగనే ఉండె. నేను తొక్కలేదు."

లింగస్వామి దండను షట్టరు కొక్కేనికి తగిలించి చేతులు తుడుచుకున్నాడు.

"నాయన ఇంట్ల ఉన్నడా గిప్పుడు?"

"ఉన్నడు. ఎందుకు?"

"పదిహేనేండ్లాయె. ఇయ్యాల నువ్వడిగితె నోట్లకెళ్లి వచ్చింది. మల్ల లోపటికి వోదు." లింగస్వామి మీర్‌పేట వైపు నడవడం మొదలుపెట్టాడు. గుడారంలో ఎవరో పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడలేదు.

సైదులు కొంత దూరం అతని వెనకే నడిచాడు. తర్వాత పరుగెత్తి ముందుకు వెళ్లి, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"గురువారం దాక ఆగు మామా," అన్నాడు. "గిప్పుడు చెప్తె నా సంగతి గూడ బయటవడ్తది."